పిల్లల సంక్షేమ కమిటీ చుట్టూ పదిహేను నెలలు తిరిగాక రాస్తున్న రివ్యూ

పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరుకి ఐదు స్టార్లు, కమిటీకి నాలుగు, పిల్లల్ని ఉంచిన హోమ్‌కి మూడు, ఆ కమిటీకి కాగితాలు తయారుచేసే ఆఫీసుకి ఒకటే. అన్నీ కలిపి మూడు వేస్తున్నాను. మీ ఇంట్లోనో పక్కింట్లోనో తిండీ చూసుకునే దిక్కూ లేని పిల్లలుంటే, తండ్రో తల్లో బతికే ఉన్నా పిల్లల్ని పట్టించుకోకపోతే, ఇది మొత్తం చదవండి, కొంచెం పెద్దదే.

మాది ఒడిశాలో ఆంధ్రా బోర్డర్ పక్క జిల్లా. ఇటు గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ, అటు కొరాపుట్, జయపురం దాకా మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో తెలిసిందే, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో రెండూ. ఏ జిల్లానో, ఏ హోమో, పిల్లల పేర్లేమిటో మాత్రం రాయను. కమిటీ ముందుకి వెళ్ళిన పిల్లల్ని గుర్తుపట్టేలా ఎక్కడా రాయకూడదని జువైనల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్‌లో ఉంది, తప్పితే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా. ఆ సెక్షన్ లేకపోయినా నేను రాసేవాణ్ణి కాదు. రేపు పెద్దయ్యాక వాళ్ళ నాన్న గురించి ఊళ్ళో ఎవరో చూపిస్తే చదువుకునే గతి మా పిల్లలకి పట్టకూడదు.

మా అప్ప పోయి అప్పటికి రెండేళ్ళు. ఇటువైపు అక్కని అప్ప అనే అంటాం. బావ రైస్ మిల్లులో కళాసీ. అప్ప ఉన్నన్నాళ్ళూ వారం కూలి తెచ్చి ఆమె చేతిలోనే పెట్టేవాడు, ఆమె పోయాక సారాకి పడ్డాడు. మేనల్లుడికి తొమ్మిదేళ్ళు, మేనకోడలికి నాలుగు. నేను అక్కడికి నలభై కిలోమీటర్ల దూరంలో, ఎన్‌ఏసీ (చిన్న మున్సిపాలిటీ లాంటిది) టౌన్‌లో టూవీలర్ పంక్చర్ షాపు నడుపుతాను. అంతకుముందు రెండుసార్లు పిల్లల్ని మా ఇంటికి తెచ్చుకున్నాను, రెండుసార్లూ బావ మనుషుల్ని వెంటేసుకుని వచ్చి తీసుకుపోయాడు. రెండోసారి పోలీసుల దాకా వెళ్ళాం. "తండ్రి ఉండగా మేనమామవి నువ్వెవరు?" అన్నారు. చట్టప్రకారం వాళ్ళన్నదాంట్లో తప్పు లేదు, 1956 నాటి హిందూ మైనారిటీ చట్టంలో తండ్రే సహజ సంరక్షకుడు. అదే చట్టం 13వ సెక్షన్‌లో పిల్లల క్షేమమే అన్నిటికన్నా ముందు అని కూడా ఉందని నాకు అప్పటికి తెలీదు.

2024 జూలై, రథయాత్ర అయిన వారం. వాళ్ళ పక్కింటావిడ ఫోన్ చేసింది. "తమ్ముడా, మీ గుంటలు రెండు దినాలుగా ఇంట్లోనే ఉన్నారు, బయట తాళం ఏసుంది, మీ బావ ఎటెల్లాడో తెల్దు" అంది. షాపులో చేతిలో ఉన్న పానా అలాగే పట్టుకుని బండెక్కాను. నేను వెళ్ళేసరికి మేనల్లుడు కిటికీ చువ్వల మధ్య నుంచి స్టీలు గ్లాసు బయటికి చాపి పట్టుకుని ఉన్నాడు. "మావా, నీళ్ళు" అన్నాడు. ఏడవలేదు. కుండలో చివర మిగిలిన నీళ్ళలో అటుకులు నానబెట్టి చెల్లికి పెట్టాడంట, తనకి నీళ్ళు మిగల్లేదు. ఆ గ్లాసు అంచు మీద అప్ప పేరు చెక్కి ఉంటుంది, వాళ్ళ పెళ్ళికి మా అమ్మ పెట్టిన సామానులోది. తాళం పగలగొట్టాను. ఈసారి ఇంటికి తీసుకెళ్ళిపోతే మళ్ళీ అదే గొడవ, అందుకని అక్కడే అరుగు మీద కూర్చుని 1098కి ఫోన్ చేశాను.

ఆ నంబరుకి ఐదు ఎందుకంటే, ఫోన్ ఎత్తిన అమ్మాయి నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు, నీకేం సంబంధం అనలేదు, పిల్లలు తిన్నారా లేదా అని ముందు అడిగింది, తర్వాతే ఊరూ పేరూ. ఫోన్ చేసినవాళ్ళ పేరు బయట పెట్టొద్దంటే పెట్టరు. ఈ నంబరు 1996లో ముంబైలో స్వచ్ఛంద సంస్థ పనిగా మొదలైంది, 2023 నుంచి ప్రభుత్వమే నేరుగా నడుపుతూ ఎమర్జెన్సీ నంబరు 112తో కలిపింది. మారాక పనిచేయదని మా వైపు చాలామంది అంటారు. నా ఫోన్‌కి మాత్రం సాయంత్రం చీకటి పడకముందే ఇద్దరు మనుషులు జీపులో వచ్చారు, వాళ్ళలో ఒకావిడ బిస్కెట్ ప్యాకెట్టు విప్పి చిన్నదాని చేతిలో పెట్టి, అది తిన్నంతసేపూ పక్కన కింద కూర్చుంది.

మర్నాడు కమిటీ ముందు పెట్టారు. దారి ప్రయాణం కాకుండా 24 గంటల్లో పెట్టాలని రూలు, పెట్టారు. చైల్డ్ వెల్ఫేర్ కమిటీ అంటే జిల్లాకొకటి ఉంటుంది, ఒడియాలో శిశు మంగళ సమితి అంటారు, బోర్డు వెతుక్కునేవాళ్ళు ఆ పేరుతో వెతకండి. ఒక చైర్‌పర్సన్, నలుగురు మెంబర్లు, వాళ్ళలో కనీసం ఒక మహిళ. చూడ్డానికి మామూలు ఆఫీసు గది, రెండు టేబుళ్ళు, ప్లాస్టిక్ కుర్చీలు. కానీ వాళ్ళకి ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్‌కి ఉండే అధికారాలు ఉంటాయి. నేను ఆ రోజు చేతులు కట్టుకుని ఒకే మాట పదిసార్లు అన్నాను: "అమ్మా, వాడికి ఈ పిల్లల మీద హక్కు లేకుండా కొట్టేయండి. నాకు రాసిచ్చేయండి." చైర్‌పర్సన్ గారు విని, ఒడియాలో నెమ్మదిగా, అది ఒక్క రోజులో ఒకరు అడిగితే అయ్యేది కాదు బాబూ అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది అప్పుడు.

అన్నాచెల్లెళ్ళని విడదీసినప్పుడు ఇంకా మండింది. ఆరేళ్ళ లోపు పిల్లల్ని దత్తత ఏజెన్సీ నడిపే శిశు గృహంలో పెడతారు, ఆరు దాటినవాళ్ళని పిల్లల హోమ్‌లో. చిన్నది ఒక ఊళ్ళో, వాడు ఇంకో ఊళ్ళో. "దత్తత" అన్న మాట గోడ మీద చదివి మా ఆవిడ ఆ రాత్రంతా నిద్రపోలేదు, పిల్లని ఎవరికో ఇచ్చేస్తారేమో అని. అలా కాదు, అక్కడ ఉంచినంత మాత్రాన ఎవరికీ ఇవ్వరు, కమిటీ విచారణ అయి, కనీసం ముగ్గురు మెంబర్లు కలిసి పిల్ల దత్తతకి చట్టరీత్యా స్వేచ్ఛగా ఉందని తేల్చితేనే ఇవ్వడానికి వీలు. ఈ ఒక్క వాక్యం ఆ రోజు ఎవరైనా మాకు తెలుగులోనో ఒడియాలోనో చెప్పి ఉంటే రెండు నెలల టెన్షన్ తప్పేది. ఎవరూ చెప్పలేదు. ఆఫీసు వాళ్ళకి ఒక స్టార్ ఇవ్వడానికి మొదటి కారణం ఇది.

రెండో కారణం ఇంకా పెద్దది, దాని గురించే అసలు ఈ రివ్యూ.

సెప్టెంబరులో బావని పిలిపించారు. అప్పటికి అతను ఊరికి తిరిగొచ్చి, పిల్లలు లేని ఇంట్లో పడి ఉన్నాడు. ఆ రోజు స్నానం చేసి, అప్ప ఎప్పుడో ఇస్త్రీ చేయించి పెట్టెలో దాచిన చొక్కా వేసుకుని వచ్చాడు. మడతలు అలాగే ఉన్నాయి. లోపలికి పిలవకముందు వరండాలో కాగితాలు రాసే అతను బావ ముందు ఒక టైపు చేసిన కాగితం పెట్టి, ఇక్కడ సంతకం పెట్టు, పిల్లలకి హాస్టల్లో సీటు ఖాయం అవుతుంది, నీకు ఇంక తిరిగే పని ఉండదు అన్నాడు. కాగితం ఒడియాలో ఉంది. బావకి ఒడియా మాట్లాడ్డం వస్తుంది, చదవడం రాదు. మా వైపు కూలి పనిచేసుకునే తెలుగువాళ్ళలో సగం మంది అంతే. నాకు చదవడం వచ్చు. నేను పక్కనే ఉన్నాను, పైన "సమర్పణ" అన్న మాట చదివాను. అంటే పిల్లల్ని కమిటీకి పూర్తిగా అప్పగించేసే పత్రం. అది చదివి కూడా నేను నోరు విప్పలేదు. సంతకం పెట్టేస్తే పీడా పోతుంది, పిల్లలు నా దగ్గరికి వచ్చేస్తారు అనుకున్నాను. నేను చేసిన తప్పు అది, దాచుకోను. పైగా అది ఎంత తెలివితక్కువ ఆలోచనో తర్వాత తెలిసింది: అప్పగించిన పిల్లలు మేనమామకి రారు, వరసలో దేశమంతా ఎదురుచూస్తున్న దత్తత తల్లిదండ్రుల్లో ఎవరికి వస్తే వాళ్ళకి వెళ్ళే దారిలో పడతారు.

లోపలికి వెళ్ళాక కాగితం మెంబర్ల ముందు పెట్టారు. వాళ్ళలో ఒక పెద్దావిడ, మన పర్లాకిమిడి వైపు యాసలో తెలుగు వచ్చినావిడ, కాగితం మొత్తం చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, బావని కుర్చీ ముందుకి జరుపుకోమని తెలుగులో అడిగారు.

"బాబూ, ఈ కాగితం ఏటో తెలుసా నీకు?"

"హాస్టల్ కాగితం గదమ్మా."

"కాదు నాయనా. ఇందులో రాసినది నా పిల్లల్ని నాను ఒగ్గేసుకుంటున్నాను అని. రెండు నెల్ల లోపు ఒచ్చి ఒద్దంటే సరే, లేదంటే ఆ తర్వాత ఆళ్ళు నీ పిల్లలు అవ్వరు. నీకు ఇష్టమేనా?"

బావ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత బల్ల మీద ఉన్న పెన్ను తీసి, తన వైపు కాకుండా ఆవిడ వైపు జరిపాడు. "నాకు తాగుడు మాన్పించండమ్మా, పిల్లల్ని ఒగ్గనమ్మా" అన్నాడు. గది గదంతా నిశ్శబ్దం అయిపోయింది. ఆవిడ ఆ కాగితం మీద అడ్డంగా గీత కొట్టి పక్కన సంతకం చేసి, రాసిన మనిషిని పిలిచి అందరి ముందే అడిగారు, చదివి వినిపించావా, ఏ భాషలో వినిపించావు అని. జువైనల్ జస్టిస్ చట్టంలో 35వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని అప్పగించాలంటే అది తల్లిదండ్రుల చేతిలో లేని కారణాల వల్ల, వాళ్ళ ఇష్టంతో, ముందు కౌన్సెలింగ్ ఇచ్చాక, కమిటీ ఎదుటే జరగాలి, తర్వాత మనసు మార్చుకోడానికి రెండు నెలలు గడువు ఇవ్వాలి. వరండాలో, హాస్టల్ అని చెప్పి, రాని భాషలో పెట్టించే సంతకానికి ఆ సెక్షన్‌లో చోటు లేదు.

కమిటీకి నాలుగు స్టార్లు ఆ ఒక్క ప్రశ్నకి. "ఈ కాగితం ఏటో తెలుసా నీకు?" ఆ మెంబరు గారికి తెలుగు రాకపోయి ఉంటే ఈ రోజు నా మేనకోడలు ఎక్కడ ఉండేదో నాకు తెలీదు. బోర్డర్ జిల్లాల్లో ప్రతి కమిటీలో తెలుగు వచ్చినవాళ్ళు ఒకరు, సవర, కువి మాట్లాడే ఊళ్ళకైతే ఆ భాష వచ్చినవాళ్ళు ఒకరు ఉండి తీరాలి. లేకపోతే కనీసం చదివి చెప్పే మనిషైనా ఉండాలి. తండ్రి అనే హక్కు పోయేదైతే పోనివ్వండి, కానీ అది తనకి అర్థమయ్యే భాషలో విని, తెలిసి పోవాలి.

ఆ రోజు నుంచి చట్టం గురించి అడిగి తెలుసుకున్నది కొంత చెప్తాను, ఎందుకంటే నాలాగే అందరూ "హక్కు కొట్టేయండి" అనే మొదలుపెడతారు. మన దగ్గర అలా ఒక్క పేరుతో, ఒక్క ఆర్డర్‌తో తల్లిదండ్రుల హక్కు రద్దు చేసే కేసు అంటూ విడిగా లేదు. తల్లీ తండ్రీ పిల్లల్ని చూసుకోడానికి తగినవాళ్ళు కారని కమిటీ తేల్చవచ్చు, అప్పుడు ఆ పిల్లలు సంరక్షణ అవసరమైన పిల్లలు అవుతారు, వాళ్ళని హోమ్‌లోనో, ఫోస్టర్ కుటుంబంలోనో (దత్తత కాకుండా కొంతకాలం పెంచే కుటుంబం), నాలాంటి తగిన వ్యక్తి దగ్గరో పెట్టవచ్చు. అయినా తండ్రి తండ్రిగానే ఉంటాడు. అనాథ పిల్లలు, ఎవరో వదిలేసిపోయిన పిల్లలు అయితే వెతకడానికి గడువు ఉంది, రెండేళ్ళ లోపు వాళ్ళకి రెండు నెలలు, పైవాళ్ళకి నాలుగు నెలలు, ఆ లోపు ఎవరూ దొరక్కపోతే దత్తతకి స్వేచ్ఛగా ప్రకటిస్తారు. కన్నవాళ్ళతో బంధం పూర్తిగా తెగేది మాత్రం దత్తత ఆర్డర్ వచ్చిన రోజునే. ఆ ఆర్డర్ ఇదివరకు కోర్టు ఇచ్చేది, 2021లో చట్టం మార్చారు, 2022 సెప్టెంబరు నుంచి కలెక్టరే ఇస్తున్నారు. కావాలని పిల్లల్ని వదిలేస్తే, హింసిస్తే 75వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు కూడా ఉంది, కానీ గతి లేక వదిలేసినవాళ్ళని దాని కింద పట్టుకోకూడదని ఆ సెక్షన్‌లోనే రాసి ఉంది. పేదరికాన్నీ నిర్లక్ష్యాన్నీ ఒకటే అనుకోకూడదని ఆ వాక్యం రాసినవాళ్ళకి తెలుసు. మా వరండా మనిషికి తెలీదు.

నా స్నేహితుడు ఒకడు అమెరికాలో ఉంటాడు, ఫోన్‌లో ఇదంతా చెప్తే, అక్కడైతే గడియారం పెట్టుకుని చూస్తారురా అన్నాడు. 1997లో వాళ్ళు ఒక చట్టం చేసుకున్నారు, పిల్లవాడు గడిచిన 22 నెలల్లో 15 నెలలు ఫోస్టర్ కేర్‌లో ఉంటే, తల్లిదండ్రుల హక్కు రద్దు చేయమని ప్రభుత్వమే కోర్టుకి వెళ్ళాలి. బంధువుల దగ్గర ఉన్న పిల్లలకీ, ఆ కుటుంబానికి ఇవ్వాల్సిన సాయం ప్రభుత్వం ఇవ్వని కేసులకీ మినహాయింపు ఇవ్వచ్చు. రద్దు చేయాలన్నా ఏదో అనుమానం సరిపోదు, స్పష్టమైన, నమ్మదగిన రుజువు ఉండాలని వాళ్ళ సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది. విన్నప్పుడు మొదట అదే బాగుంది అనిపించింది, నెలలు లెక్కపెడితే పిల్లలు ఎటూ కాకుండా వేలాడరు కదా. తర్వాత బావ పెన్ను జరపడం గుర్తొచ్చింది. అతన్ని డీ-అడిక్షన్‌కి పంపమని కమిటీ ఆర్డర్ రాశాక మంచం దొరకడానికే నెలలు పట్టింది మా దగ్గర. సాయం అందకముందే గడియారం మొదలుపెడితే ఏ కూలివాడు నెగ్గుతాడు?

అయినా కమిటీకి ఐదు ఇవ్వలేదు, కారణం ఆలస్యం. ఇంటి విచారణ రిపోర్టు 15 రోజుల్లో రావాలి. మాకు రెండు నెలలు దాటింది. పిల్లల్ని మొదట ముందు పెట్టిన రోజు నుంచి నాలుగు నెలల్లో చివరి ఆర్డర్ రావాలి, మాకు ఏడు నెలలు పట్టింది. నెలకి కనీసం ఇరవై రోజులు కూర్చోవాలని చట్టం, నేను రెండున్నర గంటలు బస్సులో వెళ్ళి కోరం లేదని వెనక్కి వచ్చిన రోజులు నా డైరీలో ఆరు ఉన్నాయి. షాపు మూసిన రోజు సంపాదన పోతుంది, అది వేరే సంగతి. ఆ ఏడు నెలల్లో నాలుగేళ్ళ పిల్ల వాళ్ళ అన్నని మూడుసార్లే చూసింది. మూడోసారి వాణ్ణి గుర్తుపట్టడానికి ఒక క్షణం ఆలోచించింది. వాడు అది గమనించాడు, నా వైపు చూశాడు.

2025 ఫిబ్రవరిలో ఆర్డర్ వచ్చింది. పిల్లలిద్దరూ తగిన వ్యక్తిగా నా సంరక్షణలో, బావ నెలకి రెండు ఆదివారాలు వచ్చి చూడొచ్చు, తాగి వస్తే లోపలికి రానివ్వక్కర్లేదు, ఆరు నెలలకోసారి రిపోర్టు. వచ్చేశారు. మొదటి వారం మా ఆవిడ పక్క దులుపుతుంటే మేనల్లుడి తలగడ గలీబులో నుంచి చపాతీ ముక్కలు, గట్టిపడిన బన్ను, అటుకుల పొట్లం రాలాయి. చీమలు పట్టేశాయి. ఆవిడ ఏమీ అనలేదు. ఒక మూత ఉన్న స్టీలు డబ్బా తెచ్చి, అందులో అటుకులూ బెల్లమూ పోసి, వాడి మంచం పక్కనే పెట్టి, "ఇది నీదే, ఎప్పుడూ నిండే ఉంటుంది" అంది. వాడు రోజూ పడుకునేముందు మూత తీసి చూసుకునేవాడు. ఇప్పుడు వారానికోసారి చూస్తున్నాడు.

హోమ్ గురించి కూడా చెప్పాలి కదా. తిండి బాగానే ఉంది, పప్పూ కూరా ఉండేవి, వారానికి గుడ్డు. బడికి పంపారు. కొట్టారని వాడు ఎప్పుడూ చెప్పలేదు, అడిగి అడిగి చూశాను. హోమ్‌కి మూడు స్టార్లే ఎందుకంటే, మా వాడి పక్క మంచంలో ఇంకో కుర్రాడు ఉండేవాడు, మా వాడికన్నా చిన్నవాడు. నేను వెళ్ళిన ప్రతిసారీ గేటు దగ్గరికి పరిగెత్తుకొచ్చి "మామా, ఎవరికోసం వచ్చావు?" అని ఒడియాలో అడిగేవాడు, జవాబు తెలిసి కూడా. వాణ్ణి చూడ్డానికి ఎవరూ రారు. విజిటర్ల రిజిస్టర్‌లో నేను సంతకం పెట్టేటప్పుడు పేజీలు తిప్పి చూశాను, నా పేరు పదకొండుసార్లు ఉంది, వాడి పేరుకి ఎదురుగా ఒక్క సంతకం లేదు. తల్లి ఉందంట, ఎక్కడో ఉందంట, అందుకని వాడు అనాథ కాదు, వదిలేసినవాడూ కాదు, అప్పగించినవాడూ కాదు. ఫైలు బీరువాలో ఉంది. తల్లిదండ్రుల హక్కు తీసేయాల్సిన చోటు ఏదైనా ఉంటే అది ఇదే, నా బావ దగ్గర కాదు. ఆ తల్లిని వెతకండి, ఆమెకి వచ్చిన భాషలో అడగండి, గడువు ఇవ్వండి, సాయం కావాలంటే చేయండి, అయినా రాకపోతే పిల్లవాడికి ఇంకో ఇల్లు చూపించండి. 2024లో వచ్చిన ఫోస్టర్ కేర్ మార్గదర్శకాల్లో ఇలా ఎవరూ చూడ్డానికి రాని ఆరేళ్ళు దాటిన పిల్లల్ని కుటుంబాల్లో పెట్టడానికి దారి ఉంది, పెళ్ళి కానివాళ్ళు కూడా పెంచుకోవచ్చు, రెండేళ్ళు పెంచాక అదే కుటుంబం దత్తత తీసుకోవచ్చు. దారి ఉండి ఏం లాభం, ఫైలు ఎవరో ఒకరు తీయాలి.

డబ్బు సంగతి తొందరగా చెప్పేస్తాను. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద స్పాన్సర్‌షిప్ పిల్లకి నెలకి 4,000 వస్తుంది, ఆదాయం ఏడాదికి గ్రామాల్లో 72,000, మిగతా చోట్ల 96,000 దాటకూడదు. ఆదాయ సర్టిఫికెట్, ఆధార్, పిల్లల పేరు మీద బ్యాంకు ఖాతా ముందే రెడీ చేసుకోండి. మాకు అప్లై చేసిన ఆరు నెలలకి మొదటి డబ్బు పడింది. ఇదే సాయం అప్ప పోయిన నెలలో ఎవరైనా బావకి చెప్పి ఇప్పించి, పక్కన ఒక మనిషి నిలబడి ఉంటే తాళం దాకా వచ్చేదా అని మా ఆవిడ అడుగుతూ ఉంటుంది.

వెళ్ళేవాళ్ళకి నాకు తెలిసిన నాలుగు ముక్కలు. ఏ కాగితం మీదా చదివించుకోకుండా సంతకం వద్దు, వేలిముద్ర అసలే వద్దు, "తెలుగులో చెప్పండి" అని గట్టిగా అడగండి, సిగ్గుపడక్కర్లేదు. ఇచ్చిన ప్రతి అర్జీకీ రసీదు తీసుకోండి, తారీఖు వేయించండి. జిల్లా న్యాయ సేవల సంస్థలో వకీలు ఉచితంగా దొరుకుతారు, ఆడవాళ్ళకీ పిల్లలకీ ఎస్సీ ఎస్టీలకీ అయితే ఆదాయం కూడా చూడరు, 15100కి ఫోన్ చేయొచ్చు. కమిటీ ఆర్డర్ నచ్చకపోతే చిల్డ్రన్స్ కోర్టులో అప్పీలు ఉంది, ఫోస్టర్ కేర్, స్పాన్సర్‌షిప్ ఆర్డర్ల మీద అయితే కలెక్టర్ దగ్గర. పిల్లల్ని చూడ్డానికి వెళ్ళిన ప్రతిసారీ రిజిస్టర్‌లో సంతకం పెట్టడం మర్చిపోవద్దు, మీరు వచ్చారని చెప్పేది ఆ సంతకం ఒక్కటే.

బావ ఇప్పుడు తాగడం లేదు అని రాయలేను. డీ-అడిక్షన్‌లో నెల ఉండి వచ్చాక మూడు నెలలు మానాడు, దసరాకి తప్పాడు, ఆ ఆదివారం రాలేదు, తర్వాతి ఆదివారం వచ్చి గేటు బయటే నిలబడ్డాడు. చిన్నది వెళ్ళి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. మేనల్లుడు ఇంకా అతనితో సరిగా మాట్లాడడు, ఎదురుగా కూర్చుని హోంవర్కు చేసుకుంటాడు, బావ పుస్తకం వైపు చూస్తూ కూర్చుంటాడు. ఒక రోజు పిల్లలు ఆయన దగ్గరికి తిరిగి వెళ్తారో, నా దగ్గరే ఉంటారో తెలీదు. వెళ్ళే రోజు వస్తే ఆ స్టీలు డబ్బా కూడా పంపిస్తానంది మా ఆవిడ.

మంగళవారం ఫాలోఅప్‌కి మళ్ళీ కమిటీకి వెళ్తున్నాను. ఆ పక్క మంచం కుర్రాడి ఫైలు ఏ స్థితిలో ఉందో చెప్పమని ఒడియాలో ఒక అర్జీ రాయించాను, రెండు కాపీలు. వాడికి నేను ఏమీ కాను, అడిగే హక్కు లేదంటారేమో, ఆ తెలుగు మెంబరు గారు ఉండే రోజే చూసుకుని వెళ్తున్నాను. రసీదు చేతికొస్తే ఈ రివ్యూ కిందే రాస్తాను.